తార్నాకలో రెండు ఆటబల్లలు

బయల్దేరక ముందు

వేసవి సెలవులొస్తే జనం ఊటీ పోతారు, తిరుపతి పోతారు. నేను తార్నాక పోయి వచ్చాను. అక్కడ చూడ్డానికేముందని అడగనివాళ్లు లేరు. నల్లకుంటలో ఉండే మా పెద్దమ్మ కూతురు సరోజక్కయితే నా సంచీలో రంగురంగుల పాచికలు చూసి, "నలభై నాలుగేండ్లొచ్చె, ఇంకా ఆటలేందే నీకు!" అని నుదురు కొట్టుకుంది. ఆవిడ ఇంట్లోనే మూడు రోజులు తిని పడుకున్నాను కాబట్టి ఎదురు చెప్పలేదు.

ఈ ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. దీనికి బోర్డుండదు, పేకముక్కలుండవు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు ఆట నడుపుతారు. "పొద్దు గూకుతోంది. కోట తలుపు మూసే వేళ. ఇద్దరు కాపలావాళ్లున్నారు. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర ఉంటుంది. ఏం చేస్తారో వాళ్లు నోటితో చెబుతారు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే. అంతే అంటున్నాను గానీ నంద్యాలలో మా మేడమీద గదిలో నాలుగేళ్ల ఆదివారాలు ఈ ఆటకే పోయాయి.

నడిపేదాన్ని నేను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషిని, నలుగురిని నడపడం నాకొక లెక్క కాదు. ఆడేవాళ్లు మా మరిది సూరి, అతని స్నేహితులిద్దరు, ఒకప్పుడు నా దగ్గరే చదువుకుని ఇప్పుడు ల్యాబులో రక్తపరీక్షలు చేసే శిరీష. నా ముందర రెండు అటెండెన్స్ రిజిస్టర్లు నిలబెట్టుకునేదాన్ని. ప్రాణాల మీదికి వచ్చే పాచికలన్నీ ఆ చాటున నేనే వేసేదాన్ని. పాతపద్ధతిలో ఆడే చాలాచోట్ల ఇట్లాంటి చాటు ఉంటుంది, నడిపేవాళ్ల రహస్యాలు ఆడేవాళ్లకు కనబడకూడదని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, శిరీష పాత్ర గౌరి తాళ్ల వంతెన మీద నిలబడింది. గౌరి గుర్రాల వ్యాపారి. మిగిలిన ముగ్గురినీ అవతలి గట్టుకు పంపి, వాళ్లు అడవిలోకి పరుగెత్తుతుంటే, వెంటపడే సైన్యం వంతెన మీదికి రాగానే తాళ్లు కోసేసింది. పదకొండో, పైనో పడితే బతుకుతుంది. చాటున వేశాను. రెండు పడింది.

"పదిహేను!" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. శిరీష కొట్టలేదు. మంచినీళ్లకని లేచి నా వెనకాలే నిలబడి ఉంది. "రెండు పడింది మేడం" అంది. నేను తడుముకోకుండా "నువ్వు సరిగ్గా చూళ్లేదు" అన్నాను.

ఇది మొదటిసారైతే ఏదో సర్దుకునేదాన్ని. నాలుగేళ్లుగా ఎవరి పాత్రా చావకుండా ఇట్లాగే అబద్ధాలు చెప్పుకుంటూ వచ్చాను. మరుసటి ఆదివారం శిరీష రాలేదు. ఫోన్‌లో ఒక్క ముక్క పంపింది: "నాలుగేండ్లు మేం ఆడినామా, మీరొక్కరే ఆడుకున్నారా?" నడిపే మనిషీ, పాచికలూ లేకుండా అందరూ కలిసి కథ అల్లుకునే ఆట ఒకటుందట, ఇక అదే ఆడతానని సూరితో చెప్పిందట. సూరి "పోతే పోనీ వదినా, పాచికలే లేకపోతే అదేం ఆట" అన్నాడు. నేనూ అందరితో అదే చెప్పాను, ఇది పాతపద్ధతికీ కొత్తపద్ధతికీ వచ్చిన తగాదా అని. అట్లా చెప్పుకోవడం నాకు సుఖంగా ఉండింది. రెండు నెలలు మేడమీది గదికి తాళం వేసి ఉంది.

అప్పుడు తెలిసింది, తార్నాకలో ఈ రెండు రకాల బల్లలూ ఉన్నాయనీ, ఒకప్పుడు ఒకే బల్ల అయినవాళ్లు విడిపోయారనీ, అయినా నెలకో ఆదివారం కలిసి భోంచేస్తారనీ. విడిపోయాక కలిసి భోంచేసేవాళ్లను చూడాలనిపించింది. ఫోన్ చేస్తే రెండు బల్లలవాళ్లూ రమ్మన్నారు.

యూనివర్సిటీలో రాయి తెలిసిన మనిషి

మొదటిరోజు ఆటోవాణ్ణి యూనివర్సిటీలో దింపమన్నాను. "యూనివర్సిటీ అంటే ఒక ఊరమ్మా, అండ్ల యాడ దింపాలె?" అన్నాడు. అన్నీ తెలిసినదానిలా "లోపల" అన్నాను. లోపలే దింపాడు. అక్కడినుంచి క్యాంటీన్ వెతుక్కోవడానికి ఎండలో ముప్పావు గంట పట్టింది. దారిలో మూడు నెమళ్లు కనబడ్డాయి. మనుషులను చూసి బెదరకుండా, ఫీజు కట్టిన విద్యార్థుల్లాగే తిరుగుతున్నాయి. మా కాలేజీలో కుక్కలు మాత్రమే తిరుగుతాయి.

క్యాంటీన్ వెనక రాతి బెంచీల దగ్గర, పాతపద్ధతి బల్ల నడిపే యాదగిరి నా కోసం చూస్తున్నాడు. ముప్పై దాటిన మనిషి, భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. జనగామ దగ్గర పత్తి పండించే ఇల్లు. ఆరేళ్లుగా ఒకే కథ నడుపుతున్నాడు. ముట్టడిలో ఉన్న ఒక కోట, దానికింద సొరంగాలు, నీళ్లకోసం కొట్లాటలు. ఆడేవాళ్లలో ఎకనామిక్స్ చదివే హాస్టల్ అమ్మాయొకరు, నల్లకుంటలో మందుల షాపు నడిపే ఆయనొకరు, ఇంకో ఇద్దరు విద్యార్థులు.

"ఏం మేడం, ఎండల బాగ పరేషానైన్రా? కూసోండి, చాయ్ తాగున్రి ముందుగాల" అన్నాడు యాదగిరి. చాయ్ పన్నెండు రూపాయలు. మా ఊళ్లో పదికే పెద్ద గ్లాసు వస్తుంది. కానీ ఇక్కడి చాయ్‌లో చెంచా నిలబడేంత చిక్కదనం ఉంది, కాబట్టి ఆ రెండు రూపాయల గురించి నోరెత్తను.

బల్ల మీద నా కళ్లు చాటు కోసం వెతికాయి. రిజిస్టర్లు లేవు, అట్టలు లేవు. మధ్యలో అన్నం తినే స్టీలు పళ్లెం ఒకటి బోసిగా ఉంది. ఆడేవాళ్లు తమ పాచికలు తామే అందులో వేస్తారు. ఠంగుమని మోగుతుంది. పళ్లెం మీదికి అన్ని తలలూ వంగుతాయి. ఏం పడిందో అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

"చాటు పెట్టుకోరా?" అని అడిగాను, ఏదో ఊరికే అడిగినట్టు.

"చాటెందుకు మేడం? మా నాయిన పత్తిచేన్ల రాళ్లవాన పడ్డప్పుడు ఎవర్నన్న అడిగి పడ్డదా? పడ్డది. గంతే. గీ పళ్లెంల గూడ గంతే."

"ఆరేళ్లు పెంచుకున్న పాత్ర చచ్చిపోతే?"

"ఏడుస్తరు. ఒకాయన నెలరోజులు నాతోని మాట్లాడలే. మల్ల వచ్చిండు, కొత్త పాత్ర రాసుకున్నడు." మందుల షాపాయన వైపు చూపించాడు. ఆయన సిగ్గుపడుతూ చాయ్ ఊదుకున్నాడు.

నాకూ ఒక పాత్ర ఇచ్చారు. మంగ, బావులు తవ్వే మనిషి. ముప్పై ఏళ్లుగా తవ్వుతోంది, నీళ్లు పడని చోటల్లా ఆమెనే పిలుస్తారు. ఆటలో మేం కోట కింద సొరంగంలోకి దిగాం. ఎకనామిక్స్ అమ్మాయి ఉన్నట్టుండి, "అన్నా, గీ గోడ ఏం రాయి?" అని అడిగింది. నేనైతే నోటికొచ్చిన రాయి పేరు చెప్పేదాన్ని. యాదగిరి లావుపాటి నోటుబుక్కు తీశాడు. అట్లాంటివి ఏడున్నాయట. పేజీలు తిప్పి, "ఎడమదిక్కు గట్టి నల్లరాయి. కుడిదిక్కు సున్నపురాయి, నీళ్లకు కరిగి బొక్కలు పడ్డది. రెండు కలిసే కాడ పగులున్నది" అన్నాడు. మూడేళ్ల కిందట గీసిన బొమ్మ అది. ఎవరూ అడక్కపోతే ఎప్పటికీ ఎవరికీ కనబడేది కాదు.

నాకు ముచ్చటేసింది. మేం చూసినా చూడకపోయినా ఆ గోడ అక్కడ ఉంది. ఆటలో గోడను నమ్మి చెయ్యి ఆనించవచ్చు. మా మేడమీద నేను కట్టిన గోడలేవీ ఇంత నిజంగా లేవు. అవి నాకు ఎటు కావాలంటే అటు జరిగేవి.

తార్నాక, నా మూడు పేజీలు

రెండోరోజు కొత్తపద్ధతి వాళ్ల దగ్గరికి. తార్నాకలో వీధులకు నంబర్లే పేర్లు. లెక్కల మనిషికి ఇది బాగుందనుకున్నాను. కానీ ఒక నంబరు పక్కన దాని తర్వాతి నంబరే ఉండాలని అక్కడ నియమమేమీ లేదని రెండుసార్లు తిరిగాక తెలిసింది. ఒక ఇస్త్రీబండి ఆవిడ దయతల్చి, ఇస్త్రీపెట్టెతోనే దారి చూపించింది.

వాళ్లు ఆడేది లలితక్క ఇంట్లో, మూడో అంతస్తు. అక్కది అనంతపురం. రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్ల ఉద్యోగం, మెట్టుగూడ క్వార్టర్లలో పాతికేళ్ల కాపురం, ఇప్పుడీ ఫ్లాటు. తలుపు తీయగానే ఉగ్గాని వాసన వచ్చింది. ఊరు దాటి రెండు రోజులన్నా కాకముందే మా సీమ బొరుగుల ఉగ్గాని కనబడేసరికి కళ్లు చెమర్చాయంటే మీరు నవ్వుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. హైదరాబాదు బజ్జీలో వాము తక్కువ, పిండెక్కువ. ఇవి మావే.

"రా తల్లీ, కూర్చో. చేతిలో ఏందది?"

మూడు పేజీలు. ముందురోజు సాయంత్రం సరోజక్క ఇంట్లో కూర్చుని రాసుకున్నవి. కథ ఏ ఊళ్లో జరగాలి, ఎవరెవరుండాలి, చివరికి ఏం జరగాలి, అంతా. ఆటకు పోతూ ఉత్త చేతులతో పోవడం నాకు తెలియదు. లలితక్క వాటిని తిరగేసి చూసింది. చాలా బాగున్నాయంది. మడిచి, వంటింట్లో నిమ్మకాయ ఊరగాయ జాడీ కింద పెట్టి వచ్చింది.

"ఈడికి ఎవురూ ఇంట్లో వండుకోని రాకూడదు తల్లీ. అందరం కలిసి ఈడనే వండల్ల."

నాకు కోపమొచ్చింది, దాచను. మూడు పేజీలంటే మూడు పేజీలే మరి. అయినా ఉగ్గాని తిన్న నోటితో పోట్లాడలేం కదా.

ఆడేవాళ్లం నలుగురం. లలితక్క, ఆమె పక్కింటి బ్యాంకు ఉద్యోగి స్వప్న, నేను, నాలుగో మనిషి నిన్నటి మందుల షాపాయనే! "మీరు రెండు చోట్లా ఆడతారా?" అంటే, "అన్నం తింటం, రొట్టె గూడ తింటం గద మేడం" అన్నాడు. నా కళ్లముందు నా తగాదా సగం అక్కడికక్కడే చిన్నబోయింది.

ఇక్కడ నడిపేవాళ్లెవరూ లేరు. ఒక్కో వంతు ఒక్కొక్కరిది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు అని వంతువాళ్లు చెబుతారు, మిగతావాళ్లు అందులోకి దిగుతారు. బల్ల మీద ప్రశ్నలు రాసిన చీటీల కట్ట ఒకటి. ఇంకోటి, ఒక ఖాళీ స్టీలు గ్లాసు. ఆటలో ఏ మాటైనా ఎవరికైనా భరించలేనట్టు తగిలితే ఆ గ్లాసు బోర్లిస్తారు. ఆ ఘట్టం అక్కడే ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు, ఆట అయ్యాక కూడా అడగరు. అది వాళ్ల నియమం.

కథ ఒక పెళ్లి బ్యాండు కుటుంబం. నలుగురు తోబుట్టువులు, తండ్రి పోయాక ఆఖరి పెళ్లికి వాయిస్తున్నారు. నేను క్లారినెట్ వాయించే రెండో అక్కను. మొదటి గంటలో నా అవస్థ చెప్పనలవి కాదు. స్వప్న "పెళ్లికూతురింటి ముందర గుంత ఉంది" అంటే, నేను "అక్కడ గుంత లేదు" అన్నాను. అందరూ నావైపు చూశారు. గుంత ఉందో లేదో తెలిసిన మనిషి ఇక్కడ నేనొక్కదాన్నే కానని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

ఆ తర్వాత చూసిందే నాకు వింత. మందుల షాపాయన పెద్దన్న పాత్ర. డోలు నీదా నాదా అని, లలితక్క ఆడే తమ్ముడితో పోట్లాట మంచి రసపట్టులో ఉంది. ఆయన చేయెత్తి ఆట ఆపి, "నేను ఈడ ఓడిపోత. ఓడిపోతే కథ మంచిగైతది" అన్నాడు. తనంతట తాను! పెద్దన్న డోలు తమ్ముడి భుజానికి తగిలించాడు. తగిలించి, పట్టీ సరిచేశాడు. స్వప్న కళ్లు తుడుచుకుంది. మా మేడమీద నాలుగేళ్లలో ఓడిపోతానని అడిగినవాడు లేడు. అడిగే సందు నేనిస్తే కదా.

బోర్లించిన గ్లాసు

మధ్యలో మజ్జిగ తాగుతూ లలితక్కను అడిగాను, యాదగిరి బల్ల ఎందుకు వదిలేశావని. ఐదేళ్లు అక్కడే ఆడిందట.

"యాదగిరి బంగారం. ఆయన నోటుబుక్కులు చూసినావు కదా. కానీ నేను ముప్పై ఏండ్లు ఫైలు పట్టుకోని ఆఫీసరు తలుపు కాడ నిలబడినా తల్లీ. ఆదివారం గూడ 'ఈ తలుపు తీయచ్చునా' అని ఒకర్ని అడగల్లంటే నాకు పానం ఒప్పల్య."

"ఆయనేమన్నాడు?"

"అలిగినాడు. నేనూ అలిగినా. నాలుగు నెల్లు. తర్వాత నాకు జ్వరమొస్తే పచ్చిపులుసు తెచ్చిచ్చినాడు. అంతే."

మళ్లీ ఆట మొదలైంది. నా వంతు వచ్చింది. చీటీ తీసి పైకి చదవాలి. చదివాను: 'నీ వాళ్లలో ఒకరు నిజం కళ్లారా చూశారు. నువ్వు కాదన్నావు. వాళ్లెవరు? అప్పుడు వాళ్ల ముఖం ఎట్లా ఉంది?'

ముగ్గురూ నా జవాబు కోసం చూస్తున్నారు. క్లారినెట్ వాయించే అక్క గురించి ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. కల్పించడం నాకు చేతకానిదా? కానీ నా కళ్లముందు శిరీష ముఖమే ఉంది. నేను "సరిగ్గా చూళ్లేదు" అన్నప్పుడు దాని ముఖంలో కోపం లేదు. పదహారేళ్లప్పుడు నా క్లాసులో తప్పు లెక్క చేసిందంటే ఎట్లా చూసేదో అట్లా చూసింది, తప్పు తనదేనేమో అన్నట్టు. అదే నేను రెండు నెలలుగా తలుచుకోకుండా తప్పించుకుంటున్నది.

చెయ్యి చాచి గ్లాసు బోర్లించాను.

లలితక్క చీటీ తీసి కట్ట అడుగున పెట్టేసింది. "ఆకలైతాంది, లేయండి" అంది. కంచాలు పెట్టారు, సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. ఎవరూ అడగలేదు. మెట్లు దిగేటప్పుడు కూడా అడగలేదు. కొత్తమనిషిని, ఒక్కపూట పరిచయం. అయినా నాకు ఆ నియమాన్ని పూర్తిగా ఇచ్చారు. పాచికల్లేని ఆట మెత్తని ఆటని మా సూరి అంటుండేవాడు. అంత గట్టి దెబ్బ నాకు ఏ పాచికా ఇంతవరకు వెయ్యలేదు.

ఆదివారం, లలితక్క హాలు

మూడోరోజు నెలకోసారి కలిసే ఆదివారం. యాదగిరి తన స్టీలు పళ్లెం నిండా సర్వపిండి పెట్టుకుని వచ్చాడు. వారాసిగూడలో ఉండే వాళ్లక్క చేసి పంపిందట. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు వేసి గిన్నెకు అద్ది కాలుస్తారు. మాకు తెలియని వంటకం. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. నేను నాలుగు తిన్నాను. సర్వపిండి అయిపోయాక లలితక్క ఆ పళ్లేన్నే కడిగి, తుడిచి, హాలు మధ్యలో పెట్టింది. ఇక అందులో పాచికలు.

భోజనాల దగ్గర ఇద్దరి వాదన వినాల్సిందే. "అక్కా, మీ ఆటల భయమేది? అందరు మంచిగ అనుకుంటే అందరు మంచిగనె ఉంటరు" అంటాడు యాదగిరి. "నీ ఆటలో మనిషేడున్నాడప్పా? నీ రాళ్లకున్న చరిత్ర మా పాత్రలకుందా?" అంటుంది లలితక్క. ఇంత అరుచుకుంటూనే ఒకరి విస్తట్లో ఒకరు వడ్డిస్తారు. అసలు సంగతి మందుల షాపాయన నా చెవిలో చెప్పాడు. లలితక్క యాలకుల డబ్బాలో ఒక పాచిక ఉందట. కథ ఎటు పోవాలో ఎవరూ తేల్చలేనప్పుడు గుట్టుగా తీస్తుందట. యాదగిరికి తెలుసు, తెలియనట్టుంటాడు. యాదగిరి కూడా లలితక్క దగ్గరినుంచి ఒకటి తీసుకున్నాడు, అదేమిటో మధ్యాహ్నం నాకే తెలిసింది.

భోజనాలయ్యాక యాదగిరి కోట కథ మళ్లీ మొదలైంది. సొరంగంలో మేం ఐదుగురం. ఆ పగులు దగ్గరికొచ్చేసరికి కప్పు కదిలింది. సున్నపురాయి వైపు రాలుతోంది. ఒకరు దుంగను భుజంతో ఆపి పట్టుకుంటే మిగిలినవాళ్లు దాటొచ్చు.

"మంగ పట్టుకుంటుంది" అన్నాను. ఆలోచించలేదు. మంగ అట్లాంటిదే.

నలుగురూ దాటారు. "మేడం, పదమూడు, లేకుంటె పైన పడాలె. మీరే వెయ్యున్రి" అన్నాడు యాదగిరి.

వేశాను. పళ్లెం మోగింది. తలలన్నీ వంగాయి. నాలుగు.

చెబితే నవ్వుతారు, నాకు తెలియకుండానే తలెత్తి యాదగిరి ముఖం చూశాను, పదిహేను అంటాడేమోనని. అతని దవడ బిగుసుకుని ఉంది. రెండురోజుల మంగ మీద అతనికంత మమకారం. అబద్ధం చెప్పాలని అతనికీ ఉంది, చెప్పడం లేదు. అప్పుడు అర్థమైంది నాకు. నావాళ్ల మీద ప్రేమతో అబద్ధాలు చెప్పాననుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. వాళ్ల పాత్ర పోయినప్పుడు వాళ్ల ముఖాలు చూసే ధైర్యం నాకు లేక చెప్పాను. యాదగిరి చూస్తున్నాడు.

"మంగ పోయింది మేడం" అన్నాడు. నోటుబుక్కు మూసేశాడు. "ఎట్ల పోయిందో మీరే చెప్పున్రి. మేం ఎవరం మాట్లాడం."

వంటింటి గుమ్మంలో లలితక్క నవ్వు దాచుకుంది. అతను ఆమె దగ్గర తీసుకున్నది ఇదే.

నేను చెప్పాను. మంగ భుజం మీది దుంగ విరగడం మొదలైంది. బయటినుంచి పిలుస్తున్నారు, ఆమె పలకలేదు. చెవి గోడకు ఆనించింది. ముప్పై ఏళ్లుగా ఏ బావి దగ్గరైనా ముందు చేసే పని అదే. సున్నపురాయి వెనక నీళ్లు కదులుతున్న చప్పుడు. ముట్టడిలో ఉన్న కోటకు కావలసిన నీళ్లు. "కుడిపక్క! మూడు నిలువులు!" అని ఉన్న ఊపిరంతా పెట్టి కేకేసింది. అది బయటివాళ్లకు వినబడింది.

 ఇంత తృప్తి ఏ గెలుపులోనూ లేదు. ఎకనామిక్స్ అమ్మాయి తన కాగితం మీద 'కుడిపక్క, మూడు నిలువులు' అని రాసుకుంది. యాదగిరి నోటుబుక్కు మళ్లీ తెరిచి, సొరంగం బొమ్మలో కుడిపక్కన చిన్న బావి గీశాడు. ఏడు నోటుబుక్కుల్లో ఇంతకుముందు లేని బావి. "ఇగ ఉన్నది మేడం" అన్నాడు.

శిరీషకు నేను చేసిందేమిటో ఆ హాల్లో కూర్చుని పూర్తిగా తెలిసింది. దాని గౌరిని నేను కాపాడలేదు. గౌరి చావు శిరీషకు దక్కాల్సినది, దాన్ని నేను రిజిస్టర్ల చాటున దాచేశాను.

నంద్యాల

దిగిన సాయంత్రమే సూరికి చెప్పాను. నాలుగేళ్లలో పాచికల లెక్కన అతని పాత్ర రెండుసార్లు చచ్చిందని. అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. తార్నాకలోనూ నాలుగు నెలలు పట్టింది కదా అనుకుంటున్నాను.

మర్నాడు శిరీష ఇంటికి పోయాను. వరండా మెట్ల మీద కూర్చుని మెంతికూర తుంచుతోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. దారంతా ఏమేమో అనుకుంటూ వచ్చాను గానీ, నిలబడే చెప్పేశాను.

"రెండే పడింది శిరీషా. నువ్వు సరిగ్గానే చూసినావు. నేను అబద్ధం చెప్పినా."

"నాకు తెల్సు మేడం." తలెత్తలేదు. "అదొక్కటేనా?"

"కాదు. చాలా ఉండాయి."

"అంతమంది ముందర నన్ను అబద్ధాలకోరును చేస్తిరి."

"చేసినా. తప్పే."  పక్క మెట్టు మీద కూర్చున్నాను. నాలుగైదు రెమ్మలు నేనూ తుంచాను. తుంచుతూనే అడిగాను, "గౌరి పోయింది. ఎట్లా పోయిందో నువ్వే చెప్పు. నేను మాట్లాడను."

శిరీష చేతులు ఆగిపోయాయి. చెప్పదనుకున్నాను. గిన్నె పక్కకు జరిపి మొదలుపెట్టింది.

"గుర్రాన్ని ముందే అవతలికి తోలేసినా మేడం. వంతెన ఎక్కకముందే. మీరు అడగల్యా, నేను చెప్పల్యా. జీను గూడ తీసేసినా. అది మల్లా ఎవురికీ దొరక్కుండా పోవల్లని..."

నేను మాట్లాడలేదు. పావుగంట చెప్పింది. ఒక్కో తాడూ ఎట్లా కోసిందో, ముందుగా వచ్చిన సిపాయి ఎంత చిన్నోడో, అతన్ని వెనక్కి పొమ్మని ఎట్లా అరిచిందో, కింద నది ఏ రంగులో ఉందో. అంత మంచి ఘట్టం మా మేడమీద ఒక్కటీ జరగలేదు. చెప్పడం అయ్యాక ముక్కు తుడుచుకుని, చేతికంటిన ఆకులు దులుపుకుంది.

"మల్ల ఆ ముగ్గురూ అడివి దాటిరా మేడం?"

ఇదివరకైతే ఆ ముగ్గురూ దాటుతారని నాకు ముందే తెలిసి ఉండేది. అన్నీ ముందే తెలిసే నడిపాను.

"తెలీదు" అన్నాను.

శిరీష మొదటిసారి నావైపు తిరిగి చూసింది. "అయితే ఆదివారం అందరి ముందరా వేద్దాం" అని, మెంతికూర గిన్నె తీసుకుని లోపలికి పోయింది.